మాఘమాసపు జ్వరం

గురురాజారావు ప్రొద్దుటూరులో పేరున్న పురోహితుడు. సన్నటి మనిషి. గొంతు మాత్రం పెద్దది. కరెంటు పోయి మైకు ఆగినా ఆయన మంత్రం పందిరి చివర దాకా వినబడేది. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఆయన తీరిక కనుక్కున్నాకే ముహూర్తం ఖాయం చేసుకునేవాళ్లు. ఒప్పుకున్న పెళ్లికి పోకుండా ఉండటం ఆయనకు చేతకాదు. కాలు బెణికిన రోజు కూడా కుర్చీలో కూర్చుని మాంగల్యధారణ చేయించినాడు.

ఆ ఏడు చలి పోతూ పోతూ ఊరందరికీ దగ్గు అంటించింది. ఇంట్లో కోడలు హర్షితకు ఏడో నెల. పరీక్షలకు తీసుకుపోయినప్పుడు డాక్టరు ఆసియా ముందే చెప్పింది, ఫ్లూ టీకా వేయించుకోమని. కడుపుతో ఉన్నవాళ్లకు ఆ జ్వరం వస్తే ఊపిరితిత్తుల మీద పడుతుందనీ, టీకా వల్ల బిడ్డకు భయం లేదనీ చెప్పింది.

"ఇప్పుడెందుకు లేమ్మా లేనిపోని సూదులు! కాన్పయినాక చూద్దాం" అనింది అత్త రాధమ్మ.

గురురాజారావు నవ్వినాడు. "పడిశానికి కూడా టీకానా?"

పెద్దవాళ్లు వద్దన్నారని హర్షిత టీకా వేయించుకోలేదు.

మాఘంలో ఒకరోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఆయనకు ఒళ్లంతా రోకలితో దంచినట్టయింది. మధ్యాహ్నానికి జ్వరం కాగిపోయింది. మరునాడు పులివెందులలో రాజశేఖర్ కూతురి పెళ్లి. గురురాజారావు ఫోన్ చేసి, జ్వరంగా ఉందనీ, వేరే సామిని చూసుకోమనీ చెప్పినాడు.

"ఏంది సామీ, ఈ మాటంటాండావు! ఈ ముహూర్తాల్లో ఇంకొక సామి యాడ దొరుకుతాడు? ఒక మాత్ర ఏసుకోని రా. నువ్వు కూచుంటే శాలు" అన్నాడు రాజశేఖర్.

మాత్ర వేసుకుని బస్సెక్కినాడు. హోమం పొగలో దగ్గుతూనే పెళ్లి చేయించినాడు. చేతిలో చెయ్యి పెట్టించినాడు, అక్షతలు అందించినాడు. ఇల్లు చేరి మంచం మీద పడినాక హర్షితే మిరియాల కషాయం తెచ్చింది. పక్కనే కూర్చుని, గ్లాసు పట్టుకుని తాగించింది. దూరంగా ఉండమ్మా అని ఆయన అనలేదు. అనాలని తోచలేదు.

ఆయన లేచి తిరిగేసరికి హర్షిత జ్వరంతో మంచాన పడింది.

ఆమె భర్త ఫణికుమార్‌ది చిలమకూరులో ఉద్యోగం. సాయంత్రం వస్తూ మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు, దగ్గు మందు తెచ్చినాడు. రెండు రోజులు అవే మింగింది. జ్వరం తగ్గలేదు. మూడోనాడు మెట్టు దిగబోయి గోడ పట్టుకుని నిలబడింది.

"అత్తా, ఊపిరి అందడం లేదు" అనింది.

ఆసుపత్రికి తీసుకుపోతే ఆసియా ఆమె వేలికి ఆక్సిజన్ చూసే చిన్న మిషను తగిలించి చూసి, ముఖం మార్చుకుంది. "జ్వరం వచ్చిన రోజే తీసుకురావాల్సింది. ఇది వైరస్. మీరు వేసిన మాత్రలు దాని మీద పని చేయవు. దీనికి వేరే మందుంది. మొదటి రెండు రోజుల్లో పడితే బాగా పని చేస్తుంది. ఇప్పుడైనా మొదలుపెడతాను. కానీ ఈడ ఉంచలేను, కడపకు పోండి."

కడపలో హర్షితను లోపలికి తీసుకుపోయి తలుపు వేసినారు. ముక్కుకు, నోటికి ఆక్సిజన్ మాస్కు. గురురాజారావు ఇంకా దగ్గుతూనే ఉన్నాడని నర్సు ఆయన్ను వరండా దాటనివ్వలేదు. ఆయన బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. జపం చేద్దామని నోరు తెరిస్తే దగ్గే వచ్చింది. లోపలి నుంచి ఎవరు వచ్చినా లేచి నిలబడినాడు. వాళ్లు ఆయన్ను దాటి పోయినారు.

హర్షిత బతికింది. కడుపులో బిడ్డ బతకలేదు.

ఆడపిల్ల. తెల్లగుడ్డలో చుట్టి ఫణికుమార్ చేతుల్లో పెట్టినారు. "నాన్నా, ఏం చెయ్యాల?" అని అడిగినాడు ఫణి.

ఏ కర్మ ఎట్ల చేయాలో తెలిసిన మనిషి. పుట్టని బిడ్డకు కర్మ లేదు. మట్టిలో పెట్టి రావడమే. ఆయన బయటి మట్టి వైపు చెయ్యి చూపించినాడు.

తరువాత ఒకరోజు ఆసియా దగ్గరికి ఒక్కడే పోయినాడు. "నా నుంచే వచ్చిందా అమ్మా?"

"చెప్పలేం సామీ. ఊరంతా ఉండె కదా. ఫణి ఆఫీసులోనూ ఉండె" అనింది ఆమె. మళ్లీ తనే, "మీ వల్ల కాదని కూడా చెప్పలేను" అనింది.

అవునంటే ఏడ్చేవాడు. కాదంటే ఊపిరి పీల్చుకునేవాడు. ఆయనకు ఏదీ దక్కలేదు.

చలి మళ్లీ మొదలయ్యే ముందు ఇంటిల్లిపాదీ టీకా వేయించుకున్నారు. పుట్టింటి నుంచి తిరిగొచ్చిన హర్షిత అన్నం వడ్డిస్తుంటే ఆయన విస్తరాకు కాస్త దూరంగా జరుపుకున్నాడు.

"జ్వరం లేదు కదా మామయ్యా, ఇట్ల రాండి" అనింది హర్షిత.

ఆయన జరగలేదు. ఆమె రెండోసారి పిలవలేదు.