దూడకు అన్నం పెట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు నన్ను ఎవరెవరు ఏమేమి అన్నారో అన్నీ నాకు గుర్తున్నాయి. నా మనసులో ఒక కోర్టు ఉందని మా పిల్లలు నవ్వుతారు. ఉంటే ఉండనీ. అందులో అన్నిటికంటే పాత కేసు మా ఎదురింటి పెద్దమ్మ మీద. ఆ కేసులో నా తరఫున మాట్లాడింది ఒక పశువుల డాక్టరు.

అప్పుడు మేము చుట్టూ అరవం మాట్లాడే తిరువొత్తియూరులో ఉండేవాళ్ళం. మా నాన్న ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఇంటి వెనక రేకుల కొట్టంలో ఒక ఆవును సాకేవాడు. దాని పాలు వీధిలో కొన్ని ఇళ్ళకు వెళ్ళేవి. మొదటి చెంబు ఎదురింటి పెద్దమ్మది. దూడను ఒక్క క్షణం పొదుగు దగ్గరికి వదిలి, ఆవు చేపగానే లాగి పక్కన కట్టేసేవాళ్ళు. అందరూ చేసేది అదే కాబట్టి తప్పని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు ఎర్ర దూడ పుట్టింది. నేను బడి నుంచి రాగానే నా పావడా అంచు నోట్లో పెట్టుకుని చప్పరించేది. ఒక సాయంత్రం నా పళ్ళెంలోని బెల్లం అన్నం చిన్న ముద్ద తీసి దాని నోటికి అందించాను. పెద్దమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి చూసింది. మర్నాడు పొద్దునకు దూడ చచ్చి పడి ఉంది.

పెద్దమ్మ నడివీధిలో నిలబడింది. "నేను కళ్ళారా చూసినానమ్మా! పాలు తాగే బిడ్డ నోట్లో అన్నం కూరింది. ఆ పిల్ల చెయ్యి మంచిది కాదు. ఇంక ఆ చేత్తో ఆవుకి గడ్డి కూడా ఎయ్యనీకండి!"

చెంబులతో వచ్చిన వాళ్ళందరూ తలలూపారు. మా నాన్న నన్ను ఏమీ అనలేదు, నా తరఫున కూడా ఏమీ అనలేదు. అదీ నేను మర్చిపోలేదు. కుడిచెయ్యి పావడాలో చుట్టుకుని కొట్టం గోడ వెనక కూర్చున్నాను. అమ్మ చద్దన్నానికి పిలిచింది. ఆ చేత్తో ఎట్లా తినడం?

ఆవు గడ్డి ముట్టలేదు, పాలు చేపలేదు. దూడ పోతే మా వైపు ఒక పద్ధతి ఉండేది. తోలు ఒలిచి, లోపల వరిగడ్డి కూరి, కర్రలు కాళ్ళుగా పెట్టి ఆవు ముందు నిలబెట్టేవాళ్ళు. బిడ్డ ఉందనుకుని ఆవు దాన్ని నాకుతూ పాలిచ్చేది. నాన్న ఆ పని తెలిసిన ముసలాయనకూ, సర్కారు పశువుల డాక్టరుకూ కబురు పెట్టాడు.

ఆ డాక్టరు చింతాద్రిపేటలో పెరిగినవాడు, మాలాగే తెలుగు మాట్లాడేవాడు. రబ్బరు బూట్లు సైకిలుకు తగిలించుకుని, లారీల దుమ్ములో ఎన్నూరు దాకా వెళ్ళి జాలర్ల గుడిసెలుండే కుప్పాల్లో మేకలకు మందు పోసేవాడు. పెద్ద ఆసుపత్రికి రమ్మని పిలిస్తే, ఆ మేకలను అంత దూరం ఎవరు తోలుకొస్తారని ఇక్కడే ఉండిపోయాడట.

ఆయన ఆవును చూశాడు, వీధిలో మాటలు విన్నాడు. గోడ వెనక నన్నూ చూశాడు. తోలు ఒలవబోతున్న ముసలాయనను ఆగమని, తనే దూడ కడుపు కోశాడు. లోపల పిడికిలంత ముద్ద ఉంది. గోనెపట్టా పీచు, తాడు పోగులు, వెంట్రుకలు. దాన్ని ఒక రేకు ముక్క మీద పెట్టుకుని, సరిగ్గా పెద్దమ్మ అరిచిన చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

"దూడ పోయింది గదా, ఇంక డాక్టరుకి ఈడేం పని?" అంది పెద్దమ్మ.

"ఇది చూపించేదానికే ఉండినా పెద్దమ్మా. పాలు చాలక కిందేసిన గోనెపట్టా నమిలింది. ఒకనాటి ఆకలి కాదు ఇది. పాప పెట్టిన ముద్దతో పోలేదు. ఈ వీధిలో దానికి తిండి పెట్టింది ఈ పాప ఒక్కతే."

పెద్దమ్మ చెంబును మెల్లగా కొంగు చాటుకు జరిపింది.

ఆయన నా దగ్గరికి వచ్చి చెయ్యి ఇమ్మన్నాడు. నేను ఇవ్వలేదు. ముందు సబ్బుతో తన చేతులు కడుక్కున్నాడు. "నా చేతి మురికి నీకు అంటకూడదు గదామా" అన్నాడు. అప్పుడు పావడాలోంచి చెయ్యి తీశాను. అందరూ చూస్తుండగా నా అరచేతిలో తడిపిన తవుడు పెట్టి ఆవు మూతి దగ్గరికి తీసుకెళ్ళాడు. అది చాలాసేపు వాసన చూసింది. తర్వాత గరుకు నాలుకతో అంతా నాకేసింది.

వెళ్తూ వెళ్తూ మా నాన్నతో, "ఈసారి ఈనితే ఒక చన్ను దూడకి వదిలేయ్‌ప్పా. వీధికి ఒక చెంబు తగ్గితే ఎవరూ చావరు" అన్నాడు. నాన్న తోలు ఒలిచే ఆయనను వెనక్కి పంపేసి, దూడను పూడ్చిపెట్టాడు. తర్వాత పుట్టిన ప్రతి దూడకూ ఒక చన్ను వదిలాడు.

పెద్దమ్మ తప్పయిందని ఏనాడూ అనలేదు. దీపావళికి మురుకులు పంపితే నేను ముట్టలేదు. ఆవిడ పోయి చాలా కాలమైంది. కేసు కొట్టేయలేదు.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళు కంపు కొడితే, మెట్లు తుడిచే అమ్మాయే ట్యాంకులో ఏదో పారేసిందని మీటింగులో అందరి ముందూ అన్నారు. తీరా చూస్తే చచ్చిన పావురం. సెక్రటరీ ఆ సంగతి లిఫ్టు దగ్గర ఆ అమ్మాయికి గొణిగి పోబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. మళ్ళీ అందరినీ కిందికి పిలిపించాను. ముసలామెకు పనిలేదని సణిగారు. ఎవరెవరు సణిగారో గుర్తుంది. ఆ అమ్మాయి అంతసేపూ చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. సెక్రటరీ పావురం సంగతి అందరికీ వినబడేట్టు చెప్పాక చేతులు బయటికి తీసింది.