రెండు చుక్కలు, ఒక గీత

నా రాత కోడిగీతలు. తప్పులూ ఉంటాయి, అయిదో తరగతితో ఆగిన చదువు. మన్నించండి. మా లా మాస్టారు శనివారం పొద్దున పోయారు. కబురొచ్చేసరికి ఆయన ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా నా ఇస్త్రీ పెట్టె కిందే ఉంది.

భవానీపురంలో మాది బట్టలుతికే ఇల్లు. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరాలని కాలరు లోపల నల్లజీడి రసంతో గుర్తు వేస్తాం. మాస్టారిది రెండు చుక్కలు, ఒక నిలువు గీత. డెబ్బైల మొదట్లో ఆయన పామర్రు వైపు గట్టు తగాదాల కేసులు వదిలేసి, లా కాలేజీలో ట్రేడ్ మార్కులు, కాపీరైట్లు చెప్పడానికి వచ్చారు. చేతికి దొరకని ఆస్తికీ గట్లుంటాయని చెప్పే చదువట. ఆయన జేబుల్లో ఎప్పుడూ అగ్గిపెట్టె బొమ్మలు, బీడీకట్టల కాగితాలు. చల్లపల్లి వెళ్లినా అవే ఏరుకొచ్చేవారు. ఉతికే ముందు తీసి దాచి ఇస్తే, “ఇది అసలుదోయ్, ఇది దొంగది” అని చూపించేవారు. నాకు రెండూ ఒకటే.

ఆ చదువుకి పిల్లలు ఆరుగురే. ‘మార్కుల సబ్జెక్టులో మార్కులు రావు’ అని వెక్కిరింపు. ఇంకెవరూ చేరకపోతే ఈ ఏడుతో ఎత్తేస్తారని మాస్టారింటి అమ్మగారు మా ఆవిడతో అని బాధపడ్డారు.

ఆ రోజుల్లోనే ఒకసారి మాస్టారు చేతిలో చొక్కాతో వచ్చారు.

“ఇది నాది కాదోయ్.”

తిరగేసి చూశాను. రెండు చుక్కలే, గీత మాత్రం కాస్త వాలుగా ఉంది. పక్కవీధి వాళ్లది. ఆయన తిట్టలేదు. తన చొక్కా కూడా తెప్పించి పక్కన పెట్టారు.

“ఇలా పెడితే తేడా తెలుస్తోందిగా. మరెలా పొరబడ్డావు?”

“పక్కపక్కన ఎక్కడుంటాయండీ? ఒకటి ఇవాళ చూస్తాం, ఇంకోటి రేపు. తడిలో, హడావిడిలో రెండూ ఒకటే అనిపిస్తాయండి.”

ఆయన లేచి నిలబడ్డారు. “అదేనయ్యా! కొనేవాడు దొంగమార్కుకి ఎందుకు మోసపోతాడో, వారం నుంచి పిల్లలకి ఎలా చెప్పాలో తెలియక చస్తున్నాను. రేపు నువ్వు క్లాసుకి రావాలి.”

వెళ్లాను. చొక్కాలు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి చూపించాను, అంతే. ఏది మాస్టారిదో ఎవరూ చెప్పలేకపోయారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న కుర్రాడొకడు, “లా కాలేజీయా, చాకిరేవా అండీ?” అన్నాడు.

మాస్టారు నవ్వారు. “రెండూ ఒకటేనయ్యా. మురికి పోవాలి, గుర్తు పోకూడదు.”

మర్నాడు వాడే చేరాడట, నలుగురిని వెంటేసుకుని. క్లాసు ఆగలేదు. ఆ తర్వాత ఆయన బతుకంతా అదే చెప్పారు, అదే శోధించారు. నా వల్లేనని అనను. కాలరు లోపలి మరకలో అంత లోతు చూసిన మనిషిని మాత్రం మళ్లీ చూడలేదు.

చొక్కా ఇవ్వబోతే, ఇల్లు ఖాళీ చేస్తున్న అమ్మగారు నన్నే ఉంచుకోమన్నారు. ఇప్పుడొక సందేహం. ఇల్లు ఖాళీ అయితే ఆ గుర్తు ఇంకో ఇంటికి వేయడం మా వాడుక. మొన్న కొత్తవాళ్లొచ్చారు, మావాడు రెండు చుక్కలు, గీత వేసేయమంటున్నాడు. వేయవచ్చా? అడుగుదామంటే మాస్టారు లేరు. ఆయన దగ్గర చదివినవాళ్లు ఈ పత్రిక చదివే మీలో ఉంటారు, చెప్పండి. త్వరగా జవాబు రాయండి. కొత్తవాళ్ల చొక్కా కాలరు తిరగేసి ఉంది. జీడిరసం అంటిన సూది చేతిలోనే ఉంది.