బూట్లు ఎవరు కట్టారు?

1997లో నేను రాజమండ్రిలో మాజీ సైనికుల పెన్షన్ల పని చూసే ఆఫీసులో గుమాస్తాని. డిజెబిలిటీ పెన్షన్ ఫైళ్లు నా బల్ల మీదకే వచ్చేవి. సర్వీసులో దెబ్బతిని పని చేసుకోలేకపోతున్నవాళ్లకిచ్చే పెన్షన్ అది. ఎంత శాతం ఇవ్వాలో మెడికల్ బోర్డు, అంటే మిలిటరీ డాక్టర్ల బృందం, పరీక్షించి తేలుస్తుంది.

సూర్యారావు గారిది నిడదవోలు దగ్గర పల్లె. కొండదారిలో మిలిటరీ ట్రక్కు బోల్తాపడి ఆయన వెన్నెముక దెబ్బతింది. ఊరొచ్చాక రైస్ మిల్లు గేటు దగ్గర కాపలాకి కుదిరారు. కింది గడియ వంగి తీయలేక ఆ పనీ పోయింది. పెన్షన్ పెంచమని అడిగితే, మనిషి బాగానే ఉన్నాడని బోర్డు తోసిపుచ్చింది. ఇల్లు గడవాలంటే ఇక అప్పీలే దిక్కు.

ఎందుకు తోసిపుచ్చారో నాకు తెలుసు. ఆఫీసరు ముందుకెళ్లాలంటే మిలిటరీవాళ్లు నున్నగా గడ్డం గీసుకుని, బూట్లు తళతళలాడించి, నిటారుగా నిలబడతారు. ఎలా ఉన్నావంటే "ఠీక్ హై సాబ్" అంటారు. ఇక డాక్టరు మాత్రం ఏం రాస్తాడు?

మా ఆఫీసులో చెప్పులు గుమ్మం బయటే విడవాలి. సూర్యారావు గారు ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే మాట్లాడి వెళ్లిపోయేవారు. మిలిటరీ బింకం అనుకునేవాణ్ణి. అప్పీలు మీద సంతకానికి మాత్రం లోపలికి రాక తప్పలేదు. వెంట వచ్చిన భార్య సత్యవతి గారు కింద కూర్చుని ఆయన లేసులు విప్పారు. ఆయన గోడకేసి చూస్తూ నిలబడ్డారు.

"రోజూ నేనేనండి. ఆయనకి నడుం వంగదు. ఈ మాట బోర్డులో చెప్పరు, నన్ను చెప్పనివ్వరు" అన్నారావిడ.

"పెళ్లాం చేత బూట్లు కట్టించుకుంటున్నానని ఆఫీసరుకి ఎలా చెప్పమంటారండి?" అన్నారాయన.

పోనీ బోర్డు ముందుకి చెప్పులతో వెళ్లమన్నాను. ససేమిరా అన్నారు. అప్పీలు చివర ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాను: పరీక్షించేటప్పుడు బూట్లు ఆయన చేతే విప్పించ ప్రార్థన. ఆయన చదివారు. సంతకం పెట్టారు.

తర్వాత జరిగింది, తలుపు బయట నుంచి విన్న సత్యవతి గారు చెప్పారు. అప్పీలు బోర్డులోనూ మహానుభావుడు ముందు "ఠీక్ హై సాబ్" అనే అన్నారట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈయనకి బ్యారక్‌లో వచ్చింది, అదీ పోలేదు. అప్పుడు డాక్టరు బూట్లు విప్పమన్నాడు.

"సాబ్, నా భార్య బయట ఉంది. పిలవమంటారా?" అన్నారట ఆయన.

పెన్షన్ పెరిగింది. ఆ ఒక్క మాటకి ఆయన ఎంత కుమిలిపోయారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ జవానునీ ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. బూట్లు ఎవరు కట్టారని అడిగేవాణ్ణి. చాలామంది జవాబు చెప్పేముందు పక్కనున్న భార్య వైపు చూసేవారు.