గబ్బిలం కూడా పక్షే

కొందరికి పేకాట పిచ్చి, కొందరికి పక్కింటి గొడవల పిచ్చి. పిట్టలదొరకి మాత్రం ఒకే ఒక్క పిచ్చి. కంప్యూటర్లకి కొత్తగా రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఏం పేరు పెడతారో ముందే చెప్పెయ్యడం. చెప్పడం వరకే అతని ప్రతాపం. చెప్పింది నిజమవడమనే ముచ్చట ఏ ఏడూ తీరలేదు.

అతను నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషి. అక్కడి కంప్యూటర్లన్నీ ఏ సిస్టమ్ మీద నడుస్తాయో దాన్ని తయారుచేసే కంపెనీ ఏటా ఓ కొత్త రకం వదులుతుంది. ప్రతిదానికీ ఒక పక్షి పేరు పెడుతుంది. విడుదలయ్యే రోజు పొద్దుటి దాకా ఆ పేరు గుట్టు. ఆ గుట్టేదో తన చెవిలోనే ఊదినట్టు ఇతను నెల ముందునుంచీ కోతలు కోస్తుంటాడు. అందుకే ఆఫీసువాళ్లు పిట్టలదొర అన్నారు. ఆ పేరు పెట్టడంలో మాత్రం ఎవరూ తడబడలేదు.

అదే ఆఫీసులో బిల్లుల గదిలో అతని బావమరిది పనిచేస్తాడు. సొంత అక్క మొగుడు పదిమందిలో నవ్వులపాలవుతుంటే ఏ తమ్ముడికైనా కడుపు తరుక్కుపోవాలి. ఇతనికి మాత్రం కడుపు నిండిపోయేది.

ఒక ఏడు బావ "గబ్బిలం" అన్నాడు.

"గబ్బిలం పక్షి కాదు బావా."

"ఎగురుతుందా లేదా?"

"ఎగురుతుంది. కానీ పిల్లలకి పాలిస్తుంది."

"పాలివ్వడం తప్పా? నీ అంత ఇంగితం లేనివాళ్లు కాదులే కంపెనీవాళ్లు. చూస్తూ ఉండు."

చూశారు. ఆ ఏడు పేరు హంస. పిట్టలదొర ఏమాత్రం తొణకలేదు. "గబ్బిలం అనే అనుకున్నారు, ఆఖరి నిమిషంలో ఎవడో అడ్డుపడ్డాడు" అన్నాడు. ఆ అడ్డుపడేవాడు ఏటా అడ్డుపడుతూనే ఉన్నాడు. కోడిపుంజుకి అడ్డుపడ్డాడు, గుడ్లగూబకి అడ్డుపడ్డాడు. ఎప్పుడైనా ఎదురుపడితే ఆ మహానుభావుడికి దండ వెయ్యాలని ఆఫీసులో ఒక కోరిక.

ఇది ఉత్త మాటలతో పోయేది కాదు, పందెం కూడా ఉంది. విడుదలకి ముందురోజు టీ వేళకి అందరూ తలా ఒక పక్షి పేరు చెప్పాలి. ఒకరు చెప్పిన పేరు ఇంకొకరు చెప్పకూడదు. ఎవరి పక్షి నిజమైతే వాళ్లకి పిట్టలదొర వారం రోజులు బంటు. తన గదిలోంచి కుంటి స్టూలు ఒకటి మోసుకొచ్చి గెలిచినవాళ్ల కుర్చీ పక్కన వేసుకుని, సాయంత్రం దాకా వాళ్లు చెప్పినట్టు వినాలి.

బంటుగా అతని సేవ చూసి తీరాలి. కంప్యూటర్లు చూసుకునే మనిషే అయినా, కొత్త సిస్టమ్ రాగానే అతనికి మతి పోయేది. "ఈ అచ్చు వేసే బొమ్మ ఎక్కడికి పోయిందండీ, నిన్న ఇక్కడే ఉండేది. మీకేమైనా కనబడిందా?" అని అడిగేవాడు. గెలిచినవాళ్లు తెరంతా గాలించి, దొరికించుకుని, "ఇదిగో, కళ్లు పెట్టుకు చూడు" అని కసిరేవాళ్లు. "అబ్బ, మీరు లేకపోతే నా గతేమిటి" అనేవాడు. ఒకసారి గేటు దగ్గర కాపలా పెద్దాయన గెలిచాడు. వారం తిరిగేసరికి ఆయన కంప్యూటర్‌లో హాజరు పట్టిక తెరిచి మూసి, పిట్టలదొరకి పాఠం చెప్పే స్థాయికి వచ్చాడు. "పాపం, మంచివాడే గానీ బుర్రలో ఏమీ లేదు" అని అందరికీ చెప్పాడు కూడా.

ఇక బావమరిది సంగతి. ఉద్యోగంలో చేరిన ఏడే అతను గెలిచాడు. వడ్రంగిపిట్ట. అది మొదలు ఇంట్లో కూర ఉప్పగా ఉన్నా, బయట వాన పడినా, మాట తిరిగి తిరిగి వడ్రంగిపిట్ట మీద వాలేది.

"నాకు లోపలినుంచి ఏదో చెప్పిందక్కా" అనేవాడు.

"లోపలినుంచి ఆకలి చెప్పుంటుంది. కంచం పెట్టుకో" అనేది అక్క.

ఈ ఏడు విడుదల దగ్గరపడేసరికి ఆఫీసులో గాలి మారింది. పెద్దాఫీసరు ఒక ఆజ్ఞ వేశాడు. కొత్త సిస్టమ్‌తో పాటు నీళ్ల ఫిర్యాదులన్నీ నేరుగా కంప్యూటర్‌లోనే రాయాలి, వారంలోగా అది పట్టుబడనివాళ్లని పైపుల గోదాముకి మారుస్తారు. ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చునేది పిన్నిగారు. వయసులో అందరికన్నా పెద్ద, అందరికీ పిన్నిగారే. కొళాయి రావడంలేదని కేకలేస్తూ వచ్చినవాళ్లు ఆవిడతో కాసేపు మాట్లాడి, కొళాయి సంగతి మరిచిపోయి వెళ్లేవాళ్లు. అలాంటి మనిషి మౌస్ పట్టుకుంటే ఎలుకని పట్టుకున్నట్టే వణికేది.

"గోదాములో కిటికీ అయినా ఉంటుందా?" అని అడిగింది టీ తాగుతూ.

"ఉండదు పిన్నిగారూ. తుప్పు వాసన మాత్రం బాగా ఉంటుంది" అన్నాడు పిట్టలదొర. బావమరిదికి ఒళ్లు మండింది. ధైర్యం చెప్పాల్సిన చోట తుప్పు సంగతి ఎందుకు?

"ఆ సంగతి వదిలెయ్యండి గానీ, రేపు పందెంలో ఏ పిట్ట చెప్తారు?" అన్నాడు పిట్టలదొరే మళ్లీ.

"నాకు పిట్టలేం తెలుసు నాయనా. కాకి తెలుసు."

"ఏదైనా చెప్పండి. లకుముకి పిట్ట మాత్రం చెప్పకండి. ఆ పేరు ఎవరూ పెట్టరు, నలుగురిలో నవ్వులపాలవుతారు."

పిన్నిగారు మూతి బిగించింది. నలభైమంది కొళాయి కోపాలను రోజూ మింగే మనిషే అయినా, ఒకరు వద్దన్నది చెయ్యకుండా ఉండడం మాత్రం ఆవిడ వల్ల కాదు.

మర్నాడు పొద్దున పిట్టలదొర బావమరిదిని పిలిచి, "నా గదిలో ఓ తీగ ఊడింది, కాస్త పెట్టిరారా, నేను పైకి వెళ్లాలి" అన్నాడు. బావమరిది వెళ్లి, బల్ల కింద దూరి, తీగ గుచ్చి, పైకి లేచాడు. మూలనున్న పాత కంప్యూటర్ ఒకటి వెలిగింది. తెరనిండా నీలం రెక్కల పిట్ట బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో: లకుముకికి స్వాగతం. దాని కింద చిన్న అక్షరాలతో: పరీక్ష కోసం ముందుగా పంపిన కాపీ, పోయిన నెల ఎక్కించినది.

బావమరిది బావ కుర్చీలో కూలబడ్డాడు. అంటే బావకి నెల క్రితమే తెలుసు. బహుశా ఏటా తెలుసు. తెలిసి కూడా గబ్బిలం అంటాడా? ఏం మనిషి?

ఆలోచించడం అతనికి అలవాటు లేని పని గనుక ఎక్కువసేపు చెయ్యలేదు. వెంటనే ఇంకో సంగతి తట్టింది. తెలిసిన పేరు తను చెప్తే గెలుపు తనదే. బావ వారం రోజులు తనకి బంటు. ఇంట్లో కూడా బంటే. అక్క ముందు "బావా, మంచినీళ్లు" అంటే ఆ మొహం ఎలా ఉంటుందో. వడ్రంగిపిట్టకి లకుముకి జోడైతే ఇక జన్మంతా చెప్పుకోవచ్చు.

టీ వేళకి అందరూ చేరారు. "ముందు నేను చెప్తాను" అని బావమరిది లేచాడు.

"చెప్పరా, మన వడ్రంగి" అన్నాడు పిట్టలదొర.

బావమరిది నోరు తెరిచాడు. అప్పుడే కళ్లు కిటికీ వైపు పోయాయి. పిన్నిగారు పెదవులు కదుపుతూ ల, కు, ము, కి అని లోపల్లోపల వల్లెవేసుకుంటోంది. ఆవిడ కుర్చీ పక్కన అప్పటికే కుంటి స్టూలు వేసి ఉంది. పందెం ఇంకా మొదలే కాలేదు.

గేటు దగ్గర పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన గెలిచిన ఏడే హాజరు పట్టిక కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఆ తరవాత గెలిచినవాళ్లంతా వరసగా గుర్తొచ్చారు. ఏ ఏడు ఎవరికి కంప్యూటర్ అంటే ఎక్కువ భయమో, ఆ ఏడు పిట్ట వాళ్లదే. ఆ వరసలో తన వంతు రాగానే బావమరిదికి చెవులు వేడెక్కాయి. చేరిన కొత్తలో బిల్లు ఎలా తియ్యాలో తెలియక రోజూ చెమటలు పట్టేవి. ఎవరినైనా అడగాలంటే పరువు తక్కువ. అప్పుడు బావ భోజనాల దగ్గర అన్నాడు. "ఏదైనా చెప్పరా, వడ్రంగిపిట్ట మాత్రం చెప్పకు."

లోపలినుంచి చెప్పింది ఎవరో ఇన్నేళ్లకి తెలిసింది.

"ఏమిట్రా, నోరు తెరిచి అలా ఉండిపోయావు? ఈగ దూరుతుంది" అన్నాడు పిట్టలదొర.

"గబ్బిలం" అన్నాడు బావమరిది.

గదంతా ఘొల్లుమంది. "గబ్బిలం పక్షి కాదయ్యా" అన్నాడు కాపలా పెద్దాయన.

"ఎగురుతుందా లేదా?"

పిట్టలదొర గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. బావమరిదిని ఒకసారి చూశాడు, తన గది తలుపు వైపు ఒకసారి చూశాడు. తరవాత టీ తాగేశాడు.

"వంశం నిలబెట్టావురా" అన్నాడు.

లకుముకి గెలిచింది. వారం రోజులు ఫిర్యాదుల కిటికీ దగ్గర పిన్నిగారి కసుర్లు వీధిలోకి వినబడ్డాయి. "అది కాదు నాయనా, పైన మూల నొక్కాలి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" గోదాముకి ఎవరూ పోలేదు. "పెద్దాఫీసరు మనసు మార్చుకుని ఉంటాడు" అంది పిన్నిగారు. తను నేర్చుకున్నానన్న సంగతి ఆవిడకి తోచనే లేదు.

ఇంటి దగ్గర అక్కకి మాత్రం అనుమానం వచ్చింది. "ఏమండీ, వాడు వారంనుంచి వడ్రంగిపిట్ట ఎత్తడం లేదు. ఒంట్లో బాగాలేదా?"

"వాడు నిజంగానే గెలిచాడే. ఆ ఏడు నేను దారుణంగా ఓడిపోయాను" అన్నాడు పిట్టలదొర. బావమరిది తల వంచుకుని అన్నం కలిపాడు. ఉప్పు తక్కువైంది. తనే కాస్త వేసుకున్నాడు.

మరుసటి ఏడు విడుదలకి ముందురోజు పెద్దాఫీసరు గదిలోంచి చిన్నగా దగ్గు వినిపించింది. అందరికీ ఆజ్ఞలు వేసిన ఆ మహానుభావుడు లకుముకిలో తన ఉత్తరాలు ఎక్కడున్నాయో తెలియక ఏడాదిగా కాపలా పెద్దాయన చేత తెరిపించుకుంటున్నాడని ఆఫీసులో అందరికీ తెలుసు. వాళ్లకి తెలుసన్న సంగతి ఆయనకే తెలియదు. పిట్టలదొర తలుపు తోసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, పందెంలో మీరూ ఒక పిట్ట చెప్పాలి. ఏదైనా చెప్పండి, కొంగ మాత్రం చెప్పకండి."

"ఏం, ఎందుకు చెప్పకూడదు?" అన్నాడు పెద్దాఫీసరు చిరాగ్గా.

వాళ్లిద్దరూ కొంగ మీద వాదించుకుంటుండగానే, బావమరిది కుంటి స్టూలు మోసుకుంటూ లోపలికొచ్చి, పెద్దాఫీసరు కుర్చీ పక్కన వేసి, కుంటి కాలి కింద కాగితం మడతపెట్టి దోపి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.