బావ ఎత్తని చెయ్యి

మా బావ ఇరవై మూడేళ్లుగా పిల్లలకు పరుగు నేర్పుతున్నాడు. చేతిలో స్టాప్‌వాచ్, మెడలో విజిల్, నోట్లో తిట్లు ఉంటే చాలు, కోచ్‌కు వేరే చదువెందుకని ఆయన నమ్మకం. సర్టిఫికెట్ లేకపోతే ఉద్యోగం ఉండదని కొత్త ఆఫీసరు తేల్చి చెప్పాకే, గొణుక్కుంటూ పది రోజుల శిక్షణకు బయల్దేరాడు. అక్క మొగుడు కదా, నేనూ ఊరుకోలేదు. "ఏడవకుండా కూర్చో బావా, సాయంత్రం నేనొచ్చి తీసుకొస్తాలే" అన్నాను.

నాలుగో రోజు పాఠం చెప్పింది ఆయన కూతురి వయసున్న డాక్టరమ్మ. తెర మీద ఒక కాలి ఎముక చూపించిందట. మోకాలి కింద నొప్పి అంటున్న పిల్లల్ని ఆపకుండా పరిగెత్తిస్తే అక్కడ సన్నటి పగులు రావచ్చట. కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే అతుక్కుంటుందట. "మీలో ఎవరైనా అలా పరిగెత్తించారా?" అని ఆమె అడిగితే అయిదారు చేతులు లేచాయి. మా బావ మాత్రం పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.

ఆ సంగతి నాతో చెప్పడానికి ఆయనకు వారం పట్టింది. పదకొండేళ్ల క్రితం ఒక అమ్మాయి కాలు నొప్పని ఏడిస్తే, "నొప్పి కాదు, ఒళ్లు బద్ధకం" అని అందరి ముందూ కడిగేసి, ఇంకో నాలుగు రౌండ్లు తిప్పాడు. నెల తిరక్కుండానే ఆమె రావడం మానేసింది. వాళ్ల నాన్న వచ్చి కూతురి తరఫున క్షమాపణ చెప్పుకుంటే, ఈయన పెద్దమనసుతో క్షమించాడు కూడా. వింటుంటే నాకు ఒళ్లు మండింది. ఆయనేమో తల దించుకుని చెప్పుకుపోతున్నాడు.

ఆమె ఇప్పుడు కళ్లద్దాల షాపులో పనిచేస్తోంది. ఒక్కడే వెళ్లడానికి మొహం చెల్లక నన్ను వెంటబెట్టుకెళ్లాడు. గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాడు కూడా. ఆయన్ని చూడగానే ఆమె లేచి, "నమస్తే మాస్టారూ, కూర్చోండి" అని స్టూలు జరిపింది.

ఆయన కూర్చోలేదు. "అమ్మా, అప్పుడు నీకు నిజంగానే నొప్పి. తప్పు నాది" అన్నాడు.

ఆమె చేతిలోని అద్దాన్ని చాలాసేపు తుడిచింది. "నేను బద్ధకస్తురాల్ననే అనుకుంటున్నా మాస్టారూ, ఇన్నాళ్లూ. మొన్న జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు."

"నాకు తెలీదమ్మా. ఇప్పుడు శిక్షణలో చెప్తేనే తెలిసింది."

"తెలిసినట్టే చెప్పారు కదా మాస్టారూ అప్పుడు" అందామె, కోపమేమీ లేకుండా.