పది గంటల లోపు దాటాల్సిన కాలువ

2023 ఏప్రిల్. బోధన్ ఊరి చివర, రెంజల్ వైపు వెళ్లే దారిలో ఒక పాత కల్వర్టును పడగొట్టి కొత్తది కట్టే పని. నేను కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుని. చదువు అయిపోయి రెండేళ్లు, హెల్మెట్ కొనుక్కుని రెండు నెలలు. కట్టబోయేది బాక్స్ కల్వర్ట్, అంటే కాలువ నీళ్లు లోపలి నుంచి పోయేలా కాంక్రీటుతో పోసే పెద్ద పెట్టె. అది పోసి, గట్టిపడేదాకా తడుపుతూ ఉండాలి కాబట్టి రోడ్డు నలభై ఐదు రోజులు బంద్. బళ్లకు మూడు కిలోమీటర్ల డైవర్షన్, చుట్టుదారి. బాణం గుర్తు బోర్డు నేనే దగ్గరుండి పెట్టించాను. బాణం వంకర లేకుండా వచ్చిందని ఫోటో కూడా తీసుకున్నాను.

మొదటి రోజే కాలువ పక్క కాలనీవాళ్లు రాస్తారోకో చేశారు, అప్పటికే మూసేసిన రోడ్డు మీద. ఆపడానికి బండి దొరక్క పక్క గల్లీ నుంచి ఒక ఆటోను పిలిపించుకుని మరీ ఆపారు. ఫోటోలు అయ్యాక అదే ఆటోలో సగం మంది ఇళ్లకు వెళ్లారు.

అసలు గొడవ ఐదో రోజు వచ్చింది. గొడవ పేరు రాజవ్వ. యాభై దాటిన మనిషి. కాలనీలో చాలామంది ఆడవాళ్లలాగే బీడీలు చుడుతుంది. చుట్టిన కట్టలను గంపలో పేర్చుకుని రోజూ పొద్దున కాలువ అవతల ఉన్న కార్ఖానాలో ఇవ్వాలి. పది లోపు ఇచ్చినవాళ్లకే మర్నాడు చుట్టడానికి ఆకు, తంబాకు ఇస్తారు. ఆ రోజు ఆమె ఖాళీ గంపతో తిరిగొచ్చి, నా బోర్డు ముందు నిలబడింది.

"గీ బాణం ఎవలు పెట్టిండ్రు?"

"నేనే అవ్వా."

"మంచిగున్నది. గంప నెత్తిన పెట్టుకొని గీ బాణం ఎంబడి పోయేసరికి పది దాటింది. లెక్కలు రాసే మునీం ఆకు ఇయ్యలే. గిట్ల రెండుసార్లయింది. మూడోసారి తప్పితే నా పని కార్డు ఇంకొకలకు రాస్తరు. ఇరవై ఏండ్ల కార్డు సారూ."

"కాస్త ముందు బయల్దేరితే సరిపోతుంది కదా?"

"పొద్దుగాల చుట్టినయి కూడా గా గంపలనే పోతయి. కట్టలు కట్టకముందే నడుస్తయా? నీ లెక్కల మేం లేమా?"

లెక్క అంటే గుర్తొచ్చింది. రోడ్డు మూసే ముందు ట్రాఫిక్ కౌంట్ చేస్తారు. ఎన్ని బళ్లు, ఎంతమంది మనుషులు దాటుతున్నారో ఒక రోజు కూర్చుని రాసే పని అది. రాసింది నేనే. పాదచారుల గడిలో నాలుగు అని ఉంది. అందులో రెండు నేనే, చాయ్‌కి వెళ్లి వచ్చాను. లెక్క రాసిన సంగతి ఆమెకు చెప్పాను.

"ఏ దినం రాసినవ్?" అంది రాజవ్వ.

"ఆదివారం."

ఆమె ఖాళీ గంపను చంకలోకి మార్చుకుంది. "ఆయితారం కార్ఖానా బందుంటది బిడ్డా."

సారూ నుంచి బిడ్డా అయ్యాను. అది ప్రేమ కాదని తెలుస్తూనే ఉంది. బళ్లు తక్కువుంటాయి, రాయడం సులువని నేను ఆదివారాన్ని ఎంచుకున్నాను. ఆ సులువుకు ఒకావిడ కార్డు పోయేలా ఉంది.

సైట్లో నాలుగు హ్యూమ్ పైపులు మిగిలి ఉన్నాయి. ఇవి నీళ్లు మళ్లించడానికి వాడే సిమెంటు గొట్టాలు. వాటిని కాలువలో నీళ్లు పోయే దిక్కుకే పక్కపక్కన వేసి, పైన మొరం మట్టి పోస్తే నడవడానికి బాట అవుతుంది. మేనేజరు సారుకు ఫోన్ చేశాను. డ్రాయింగులో లేనిది వద్దన్నారు.

"మన లేబరే అటూ ఇటూ తిరగలేక ఇబ్బంది పడుతున్నారు సార్." ఇది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

"సరే, మీటరు వెడల్పు చాలు."

బాట ఎంత వెడల్పుండాలో పుస్తకంలో ఉంది, నెత్తిన గంప ఉన్న మనిషికి మాత్రం లేదు. రాజవ్వ ఇంకొకామెను పిలిచింది. ఇద్దరూ గంపలెత్తుకుని ఎదురెదురుగా వచ్చి, తాకకుండా ఒకరినొకరు దాటారు. "గింత," అంది. టేపు పెడితే దాదాపు రెండు మీటర్లు. అంతే వేయించాను.

మర్నాడు తొమ్మిదిన్నరకు గట్టు మీద నిలబడ్డాను. పైపులు కదలవని లెక్క చెబుతోంది, అయినా ముందు నేనే ఒకసారి అటూ ఇటూ నడిచి చూశాను. ముందుగా రాజవ్వ వచ్చింది. బాట మీద ఒక కాలు పెట్టి, రెండుసార్లు తొక్కి చూసి, నా వైపు చూడకుండా దాటేసింది. వెనకే మిగతావాళ్లు. పదిన్నరకు ఆకు కట్టతో తిరిగొస్తూ ఒక్క మాట అంది: "ఇచ్చిండు."

వారం తర్వాత మేనేజరు సారు సరిగ్గా ఆ వేళకే సైటుకు వచ్చారు. గంపలతో నలభై మంది ఆడవాళ్లు బారుగా దాటుతున్నారు. కాసేపు చూశారు.

"మన లేబర్ బాగనే పెరిగిండ్రు."

"అవును సార్."

"మీటరన్న గదా, గింత వెడల్పు ఎందుకయ్యా?"

"లేబర్ కొంచెం లావు సార్."

ఆయన నవ్వలేదు. "పక్కలకు వెదురుబొంగులు కట్టించు. ఎవరన్న పడితే నా నౌకరి పోతది," అని జీపెక్కారు. మా పనిలో మెచ్చుకోలు ఇలాగే ఉంటుంది.

కొత్త కల్వర్టు మూడు రోజులు ఆలస్యంగా తెరిచాం. తెరిచిన పొద్దున రాజవ్వ దానిపై ఆగి, గంప గోడ మీద దించి టైమడిగింది. తొమ్మిదీ నలభై.

"ఇంక ఇరవై నిమిషాలున్నయి. చాయ్ తెప్పియ్ బిడ్డా."

ఈసారి బిడ్డా వేరేలా వినిపించింది.

ఇప్పుడు మోస్రా దగ్గర ఇంకో రోడ్డు మూయబోతున్నాం. కౌంట్ పెట్టేముందు వెళ్లి ఊళ్లో మొదట అడిగింది బళ్ల గురించి కాదు. ఇక్కడ పొద్దున ఎవరు, ఎన్నింటికల్లా, ఎక్కడికి చేరాలి అని. సోమవారం రోజంతా కూర్చుని రాశాను. నెత్తిన బరువుతో నడిచేవాళ్లకని నేనే ఒక గడి గీసుకున్నాను. చాయ్‌కి నాలుగుసార్లు దాటాను, నన్ను లెక్కలో వేసుకోలేదు.