బస్సు వచ్చాకే గంట కొట్టే కాలేజీ

ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ని. నా చదువు గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు గానీ, నా కాలేజీ గురించి చాలా ఉంది. సబ్బవరం అవతల ఫాదర్లు నడిపే కాలేజీ అది. మొన్న మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కాలేజీ చరిత్ర పుస్తకం పేజీలు పెట్టారు. శనివారం సాయంత్రం ప్రెస్సుకి పంపేస్తారట. చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర అన్నం మీంచి లేచిపోయాను. “అటెండరు అప్పన్న గడియారం సరిగా చూసుకోక పావుగంట ముందే గంట కొట్టి గేటు మూయడంతో, బస్సులో వచ్చిన ఊళ్ల పిల్లలు పరీక్ష రాయకుండానే వెనుదిరిగారు. ఆనాటి నుంచి బస్సు వచ్చాకే గంట కొట్టడం మా ఆచారమైంది.”

అప్పన్న సరిగానే చూశాడు. ఆకతాయితనంతో గడియారం ముందుకు తిప్పింది నేను. గొడవ మొదలవగానే ఎవరూ చూడకుండా మళ్లీ వెనక్కి తిప్పిందీ నేనే. ఫోన్లో చెప్తే ఇదీ నా వేళాకోళాల్లో ఒకటనుకుంటారు. నాకున్న పేరు అలాంటిది. అందుకే బయల్దేరాను.

మధురవాడలో ఎనిమిదింటికి సిటీ బస్సు ఎక్కితే ఎన్ఏడీ జంక్షన్ చేరేసరికి తొమ్మిదింబావు. అక్కడ సబ్బవరం బస్సు పట్టుకుంటే పెందుర్తి మీదుగా ఇంకో గంట. రెండు టిక్కెట్లూ కలిపి వంద లోపే. సబ్బవరంలో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటో ఎక్కాను.

“కాలేజీకేటి బావా? పిల్లని సేర్పించడానికా?” అన్నాడు డ్రైవరు.

“కాదు బావా, నానే సేరదామని.”

“అలాగైతే తలకి రంగేసుకుని రావల్సింది,” అని పళ్లికిలించి, మళ్లీ తనే అందుకున్నాడు. “మా పెద్దది అక్కడే సదువుతంది. బస్సు పంచరైనా గంట ఆగుద్ది బావా. ఇంకే కాలేజీ ఆగుద్ది సెప్పు?”

డబ్బులు అతని చేతిలో పెట్టి దిగాను.

ఆ కాలేజీ మొదలైంది ఒక పెంకుల షెడ్డులో. ఫాదర్లు సైకిళ్ల మీద ఊరూరూ తిరిగి, “రెండేళ్లు మీ పిల్లల్ని మాకివ్వండి” అని రైతుల్ని బతిమాలేవారట. కోతలప్పుడు వారం సెలవు. సెలవయ్యాక పోయిన పాఠాలు మళ్లీ మొదట్నుంచి. పిల్లాణ్ని మార్చేస్తారని ఊళ్లోవాళ్లు మా నాన్నని భయపెట్టారు. వాళ్లు నాలో మార్చగలిగింది ఒక్కటే, గోళ్లు కొరికే అలవాటు. నా వల్ల పరీక్ష పోయిన పిల్లలకి మర్నాడే మళ్లీ పరీక్ష పెట్టిందీ ఆ ఫాదర్లే.

నేను గేటు దాటేసరికి మధ్యాహ్నం గంట వేళైంది. గంట కింద తెల్లజుట్టుతో అప్పన్న. రిటైరయ్యాక కూడా గదిచ్చి ఉంచుకున్నారు. ఎదురుగా గోడ మీద గడియారం కనిపిస్తూనే ఉంది. అయినా పక్కన పోతున్న అమ్మాయిని, “టైమెంతమ్మా?” అన్నాడు. ఆమె చెప్పాక ఇంకొకరినీ అడిగాడు. అప్పుడు కొట్టాడు.

“ఎప్పుడూ ఇంతే. ఇద్దర్ని అడగందే కొట్టరు,” అన్నారు గదిలోంచి బయటికొచ్చిన ప్రిన్సిపాల్ ఫాదర్. ఆయన గదిలో కూర్చుని, వచ్చిన పని చెప్పాను. “ఇది ముందు చెప్పాల్సింది నాకు కాదండీ,” అని అప్పన్నని పిలిపించారు.

“ఏట్రా, నువ్వా! నా సైకిల్ గాలి తీసినోడివి కదూ?”

“అదీ నానే బాబాయ్. పరీక్ష రోజు గడియారం తిప్పిందీ నానే.”

అప్పన్న నా దగ్గరికి వచ్చాడు. “మళ్లీ సెప్పు.”

మళ్లీ చెప్పాను.

“అంటే నాను సరిగ్గానే సూసినానా? గొడవైనాక ఎల్లి సూత్తే ముల్లు ఎనక్కుంది. నా కళ్లే నన్ను మోసం సేసినాయనుకున్నాన్రా. ఆ రోజు నుంచీ నా కళ్లని నాను నమ్మలేదు.”

చెంప మీద ఒక్కటిచ్చాడు. గట్టిగానే. అదే చేత్తో తన కళ్లు తుడుచుకున్నాడు.

ఫాదర్ పెన్ను తీసి, బల్ల మీదున్న పుస్తకం పేజీల్లో ఆ వాక్యం కొట్టేశారు. “ఈడి పేరు పెద్దచ్చరాలతో ఎయ్యండి ఫాదర్,” అన్నాడు అప్పన్న. తర్వాత నన్ను మెస్సుకి లాక్కెళ్లి పప్పన్నం పెట్టించాడు. “తిను ఎదవా, సిక్కిపోయినావు.” కొట్టిన చెయ్యే వడ్డించింది.

సాయంత్రం నాలుగు కావస్తోంది. మధ్యాహ్నం టైము చెప్పిన అమ్మాయి అలవాటుగా ఆగి, “తాతా, నాలుగైంది” అంది. “నాకు కనిపిత్తంది లేమ్మా,” అన్నాడు అప్పన్న. ఇంకెవర్నీ అడగలేదు. గడియారం వంక ఒక్కసారి చూసి, కొట్టాడు.

తిరుగు బస్సులో చెంప ఇంకా చురుక్కుమంటూనే ఉంది. చదువు అబ్బనివాడికి కూడా ఆ చోటు ఏదో ఒకటి ఇచ్చే పంపింది. ఈసారి ఒక దెబ్బ, ఒక పూట పప్పన్నం. రెండింటికీ రుణపడ్డాను. మీ పిల్లల్ని అక్కడ చేర్పించాలనుకుంటే ముందొకసారి చూసి రండి. సబ్బవరం నుంచి ఆటో కాకుండా పొద్దున ఊళ్లు తిరిగొచ్చే బస్సే ఎక్కండి. దారిలో అది ఎక్కడ ఆగిపోయినా కంగారు పడకండి. మీరు చేరేదాకా అప్పన్న గంట కొట్టడు.